ఇంట్లో ఉండిపోయిన తమ్ముడి గురించి అడిగిన అమ్మాయికి

మీ ప్రశ్న చదివానమ్మా. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు చెప్పింది ముందు నా మాటల్లో చెబుతాను, మిగతావాళ్ళకూ సంగతి తెలియాలి కదా. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్నలు, తమ్ముడు రాజోలు దగ్గర ఊళ్ళో ఉంటున్నారు. తమ్ముడు 2022లో బీటెక్ పూర్తిచేశాడు. ఆ ఏడాది చివర్లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తే ప్రిలిమ్స్ రాసి పాసయ్యాడు. తెల్లవారకముందే లేచి కాలవ గట్టు మీద పరుగెత్తేవాడు. టెస్టులు వాయిదా పడుతూ పోయాక మానేశాడు. చివరికి పెట్టినప్పుడు వెళ్ళాడు గాని ఉద్యోగం రాలేదు. ఇప్పుడు పదింటికి లేస్తున్నాడు, ఫోను చూస్తున్నాడు, సాయంత్రం వంతెన మీద స్నేహితులతో కూర్చుని ఏ రాత్రికో ఇంటికొస్తున్నాడు. రెండెకరాల వరిచేను కౌలుకిచ్చారు. ఎకరం కొబ్బరితోట నాన్నగారు చూసుకుంటున్నారు. నెలనెలా మీరు డబ్బు పంపుతున్నారు. పక్కింటి కుర్రాడు అదే కాలేజీలో చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. "ఒకే ఊరు, ఒకే చదువు. ఒకడికి ఆశయం ఎందుకుంది, ఇంకొకడికి ఎందుకు లేదు? సంక్రాంతికి వెళ్తున్నాను, వాడితో ఏం మాట్లాడాలి? డబ్బు పంపడం ఆపేయాలా?" అని అడిగారు.

నేను కోనసీమలో ఒక ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఇంకెక్కడా సీటు రాక, ఇంట్లోవాళ్ళు తోస్తే వచ్చిన పిల్లలే నా దగ్గర ఎక్కువ. వాళ్ళలో ఎవరు నిలబడ్డారో, ఎవరు మధ్యలో జారిపోయారో దగ్గర్నుంచి చూశాను. నేను చెప్పేదంతా ఆ చూపులోంచి వచ్చిందే.

మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు ఒక వాక్యంలో చెప్పేసి ముందుకెళ్ళిపోయారు. తెల్లవారకముందే లేచి పరుగెత్తేవాడు అన్నారు. ఎవరూ లేపకుండా, ఎవరూ పైసా ఇవ్వకుండా, మంచులో, బురదలో రోజూ అలా లేచిన కుర్రాడిని బద్ధకస్తుడు అనడానికి నాకు నోరు రాదు. అతనిలో ఉన్న కదలిక ఎక్కడో ఆగిపోయింది. ఎక్కడ, ఎందుకు ఆగిందో ముందు చూడాలి.

ఆ ఉద్యోగాల సంగతే తీసుకోండి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయ్యాయి. 95 వేల మందికి పైగా పాసయ్యారు. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరు ఆఖర్లో గాని మొదలవలేదు. మెయిన్స్ 2025 జూన్‌లో జరిగితే ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. ఈలోగా 22 ఏళ్ళ కుర్రాడికి పాతికేళ్ళు వచ్చాయి. మధ్యలో దాదాపు రెండేళ్ళ పాటు అతను పరుగెత్తినా ఒకటే, పడుకున్నా ఒకటే. తేదీ తెలియని పరీక్ష కోసం ఒళ్ళు ఎన్నాళ్ళని సిద్ధంగా ఉంటుంది? టీచరు ఉద్యోగాలదీ ఇదే దారి. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టుల మెగా డీఎస్సీతోనే. ఆ ఏడేళ్ళలో బీఈడీ చేసిన ఎంతమంది ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టారో, పుస్తకాలు అటకెక్కాయో మన ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు.

ఎదురుచూపు పైకి ఖాళీగా కనిపిస్తుంది గాని, లోపల మనిషిని పూర్తిగా పట్టుకుని ఉంటుంది. వేరే పని మొదలుపెట్టనివ్వదు. "ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగంలో చేరితే, వచ్చే నెల డేట్ ఇచ్చేస్తే?" అన్న ఒక్క మాట చాలు, నెల తర్వాత నెల దొర్లిపోవడానికి. మన డెల్టాలో ఖాళీగా ఉన్న కుర్రాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగితే, నిజంగా ఏమీ వద్దనుకున్నవాడు చాలా అరుదుగా దొరుకుతాడు. ఒకడు నోటిఫికేషన్ కోసం, ఒకడు వీసా కోసం, ఒకడు అమెరికాలో ఉన్న బావ మాట కోసం, ఇంకొకడు పొలం అమ్మి పెట్టుబడి ఇస్తానన్న తండ్రి కోసం. అందరూ దేనికోసమో చూస్తూ ఉంటారు. ఆ చూడటం ఏళ్ళు సాగేసరికి, మొదట దేనికోసం కూర్చున్నారో అది మాసిపోయి కూర్చోవడం ఒక్కటే మిగులుతుంది.

దీని మీద చాలా పాత పరిశోధన ఒకటుంది. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో మరియెంటాల్ అనే ఊళ్ళో బట్టల మిల్లు మూతపడింది. ఊరంతా దాని మీదే బతికేది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే ముగ్గురు ఆధ్వర్యంలో పరిశోధకులు వెళ్ళి, పనిలేని ఊరు ఎలా ఉంటుందో ఓపిగ్గా రాసుకున్నారు. తీరిక దొరికింది కాబట్టి జనం గ్రంథాలయానికి ఎక్కువగా వెళ్తారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. పుస్తకాలు తీసుకెళ్ళడం బాగా తగ్గిపోయింది. మగవాళ్ళు వీధిలో నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవారు. రోజంతా ఏం చేశావని అడిగితే నిద్రలేవడం, భోంచేయడం తప్ప ఏదీ గుర్తుండేది కాదు. అదే ఊళ్ళో ఆడవాళ్ళు చకచకా నడిచేవారు. మిల్లు జీతం వాళ్ళకూ పోయింది, కాని వంట, పిల్లలు, బట్టలు వాళ్ళ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మగారిని, తమ్ముడిని పక్కపక్కన చూడండి. ఆవిడ ఒక పూట పడుకుంటే ఇల్లు ఆగిపోతుంది. అతను నెల రోజులు పడుకున్నా ఇంట్లో ఏదీ ఆగదు. నా దృష్టిలో అసలు జబ్బు అదే. ఆశయం అనేది మనిషి గుండెలో ముందే పుట్టి తర్వాత పనిలోకి వస్తుందని మనం అనుకుంటాం. నేను చూసినంతవరకు వరస తిరగబడి ఉంటుంది. తన పని వల్ల ఏదో ఒకటి మారడం కళ్ళారా చూసినవాడికి, తను రాకపోతే ఎవరికో ఇబ్బంది అవుతుందని తెలిసినవాడికి, ఆశయం వెనకాలే వచ్చి చేరుతుంది.

మనస్తత్వ శాస్త్రంలో కూడా ఇలాంటి మలుపు ఒకటుంది. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు చాలా పేరు పొందాయి. ఏం చేసినా ఆగని కరెంటు షాకులు తిన్న కుక్కలు, ఆ తర్వాత తప్పించుకునే దారి ఉన్నా చాలావరకు కదలకుండా పడుకున్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో చెప్పారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన కొత్త పరిశోధనలన్నీ చూసి ఆ ఇద్దరే తమ మాటను తిరగరాశారు. కష్టం ఎడతెగకుండా సాగితే చతికిలబడటం ప్రాణికి సహజంగానే వస్తుంది, దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. "దీన్ని మార్చడం నా చేతిలో ఉంది" అన్నదాన్నే నేర్చుకోవాలి. అది చదివినప్పుడు నాకు మా వర్క్‌షాపు కళ్ళముందు కదిలింది.

ఫిట్టర్‌లో చేరిన పిల్లాడికి మొదట ఇచ్చేది ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. ఆ ముక్కని రుద్ది సమతలం చేయాలి, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలకు తేవాలి. మొదటివారం చేతులు బొబ్బలెక్కుతాయి. మూల సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుగుకి ఎత్తి చూస్తే సందులోంచి కాంతి కనిపిస్తుంది. కాంతి కనిపించినంతకాలం మళ్ళీ రుద్దాలి. ఒకరోజు ఆ వెలుతురు గీత మాయమవుతుంది. అది మాయమవడం నేను చెబితే తెలిసేది కాదు, వాడే చూస్తాడు. పదేళ్ళు బడిలో "నీకు రాదు" అని విన్న పిల్లాడు ఆ ముక్కని జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి చూపించడం నాకు తెలుసు. ఆ తర్వాత వాడికి డ్రాయింగ్ నేర్పడం, వాడితో లెక్కలు చేయించడం తేలికైపోయేది. ఆ మొదటి వెలుతురు గీత దాకా రాకుండా మానేసినవాళ్ళని ఎన్ని మాటలు చెప్పినా వెనక్కి తేలేకపోయేవాళ్ళం. మాటకి అంత బలం లేదమ్మా.

మన నేల గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మీ తమ్ముడు పెరిగింది ఇక్కడ.

2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి చేలు ఖాళీగా వదిలేశారు. మురుగు కాలవలు పూడిపోయి చేలు మునగడం, కూలి ఖర్చులు పెరగడం, ధాన్యానికి వచ్చే ధర ఖర్చుకే చాలకపోవడం కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసింది. మీ తమ్ముడికి అప్పుడు పదీ పదకొండేళ్ళు ఉంటాయి. ఆ వయసు పిల్లాడు అరుగు మీద పెద్దల మాటలు వింటూ ఏం నేర్చుకుని ఉంటాడు? ఎంత చేసినా మిగలదు అన్నదొకటి. మా బతుకు ఇలా తెల్లారింది, నువ్వు మాత్రం ఇందులోకి రాకు అన్నది రెండోది. ఆ ఏడాది తర్వాత పుట్టిన మాటలు కావివి, అంతకుముందు నుంచీ ఉన్నవే. పచ్చని చేను మధ్య పెరిగిన పిల్లాడికి ఆ చేనే వద్దని ఇంట్లో రోజూ చెప్పాం. వరి కౌలుకి పోయింది. కౌలు బస్తాలు ఏడాదికి ఇంతని ఇంటికొస్తాయి. ఆ బస్తాలకి, ఇంట్లో కుర్రాడి కష్టానికి ఏ సంబంధమూ లేదు.

ఇంకొకటి ఎవరూ బయటికి అనరు గాని అందరికీ తెలుసు. 1833 ప్రాంతంలో కరువుతో జనం చచ్చిపోయిన నేల ఇది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక రాత మారింది. మిగులు వచ్చింది, ఆ మిగులుతో పిల్లలు చదివారు, చదివినవాళ్ళు మద్రాసు, హైదరాబాదు, అమెరికా వెళ్ళారు. మంచిదే. అయితే తరాలు గడిచేసరికి పైకొచ్చినవాడు అంటే ఊరు దాటినవాడు అని స్థిరపడిపోయింది. ఊళ్ళో ఉండి గౌరవంగా బతికే పాతికేళ్ళ కుర్రాడు ఎలా ఉంటాడో మనవాళ్ళ ఊహలో బొమ్మే లేదు. పెళ్ళి సంబంధాల దగ్గర చూడండి. ఐదెకరాలున్నా, తోట ఉన్నా, "అబ్బాయి ఊళ్ళోనే ఉంటాడండీ" అనగానే అవతలివాళ్ళు కాఫీ తాగేసి లేస్తారు. నెలకి పదిహేను వేలొచ్చే హైదరాబాదు ఉద్యోగానికి పిల్లనిస్తారు. ఈ లెక్క కుర్రాళ్ళకి బాగా తెలుసు. అందుకే వెళ్ళలేకపోయినవాడు, ఉన్నచోట పని మొదలుపెడితే ఓడిపోయినట్టు ఒప్పుకున్నట్టేనని అనుకుని, ఏదీ మొదలుపెట్టకుండా ఉండిపోతాడు. ఖాళీగా ఉంటే కనీసం "ఇంకా ట్రై చేస్తున్నాడు" అని చెప్పుకోవచ్చు.

ఉన్నచోటే నిలబడ్డవాళ్ళు లేరా అంటే చాలామంది ఉన్నారు. కడియం, కడియపులంక వెళ్తే నర్సరీల్లో పాతికేళ్ళ కుర్రాళ్ళు ఏ మొక్క ఏ రాష్ట్రానికి ఎప్పుడు లోడ్ అవుతుందో నోటి లెక్కతో చెబుతారు. ఆత్రేయపురంలో కుండ మీద రేకులు తీసే ఇళ్ళలో పిల్లలు పూతరేకులకి ఫోన్లో ఆర్డర్లు తీసుకుని కొరియర్‌లో పంపిస్తున్నారు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు, బాగుచేస్తాడు. క్లాసులో వాడు గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి ఏరేటర్లు ఆగిపోతే పొద్దున్నకి రొయ్య తేలిపోతుంది, రైతు పెట్టుబడంతా పోతుంది. రాత్రి రెండింటికి ఫోను మోగితే వాడు పాన్నాల డబ్బా పట్టుకుని బండి మీద వెళ్తాడు. జీవితంలో నీ లక్ష్యం ఏమిటని వాడినెవరూ అడగలేదు. నువ్వు వస్తావా రావా అని మాత్రం రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు మోటార్ వైండింగ్ షాపు పెట్టుకుని ఇద్దరికి పని నేర్పుతున్నాడు.

మీ పక్కింటి కుర్రాడి సంగతి కూడా ఒకసారి కనుక్కోండి. బెంగళూరులో మొదటి నెలలు ఎవరి గదిలో ఉన్నాడు, రెజ్యూమే ఎవరి ద్వారా వెళ్ళింది? మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళలో చాలామందికి ముందు వెళ్ళిన ఒక అన్న ఉంటాడు. గుణంలో తేడా అనుకున్నది చాలాసార్లు ఆ ఒక్క మనిషి దగ్గరే ఉంటుంది.

బాధ్యత మనిషిని ఎలా లేపుతుందో చెప్పడానికి మన గోదావరి గడ్డ మీదే ఒక ఉదాహరణ ఉంది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి పంపకూడదని వాలంటీరుగా ఉన్న 14 ఏళ్ళ రాజమండ్రి పిల్లకి చెప్పారు. జవాహర్‌లాల్ నెహ్రూ వస్తే ఆ పిల్ల ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే పంపింది. ఆ అమ్మాయి దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసిన ఇంటి పిల్ల. ఆంధ్ర మహిళా సభ స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. నెహ్రూని ఆపిన ధైర్యం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ పిల్ల చేతిలో గేటు పెట్టి వెళ్ళిన పెద్దవాళ్ళు గొప్పగా కనిపిస్తారు. నీ వెనక ఇంకొకళ్ళని నిలబెడతాం, నువ్వు ఊరికే చూస్తూ ఉండు అని అనలేదు. గేటు పూర్తిగా ఆ పిల్లదే.

ఇక లక్ష్యం చిన్నప్పుడే ఉండాలని బెంగపడేవాళ్ళకి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తుచేస్తాను. మెట్రిక్ రెండుసార్లు తప్పారు, మూడోసారి పాసయ్యారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ దుఃఖం ఆయన్ని వైద్యంలో పట్టి ఉంచింది. తర్వాత అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చినదే. మెట్రిక్ తప్పిన రోజుల్లో ఆయన్ని చూసి ఎవరేమని ఉంటారో ఊహించుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆపేయకండి. అది మీ అమ్మానాన్నలకు అవసరం. పైగా ఉన్నట్టుండి ఆపేస్తే అది తనకి వేసిన శిక్షగా అతనికి తగులుతుంది, పని పుట్టదు. అయితే పంపే పద్ధతి మార్చండి. మా రాజోలు, నరసాపురం వైపు నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన తల్లుల పిల్లలు నా దగ్గర చాలామంది చదివారు. ఒకేలాంటి డబ్బుతో పెరిగినా పిల్లలు రెండు రకాలుగా తయారవడం చూశాను. అమ్మ అక్కడ ఏ పని చేస్తుందో, ఏజెంటుకి ఎంత అప్పుందో, పంపిన డబ్బు దేనికి పోయిందో తెలిసిన పిల్లలు తొందరగా పెద్దవాళ్ళయ్యేవారు. "వాడికెందుకీ గొడవలు, మనసు పాడవుతుంది" అని అమ్మమ్మలు దాచిపెట్టిన ఇళ్ళలో కుర్రాళ్ళకి డబ్బు ఏటీఎం నుంచి వచ్చేదే. కాబట్టి మీ జీతం ఎంత, గది అద్దె ఎంత, మీకు మిగిలేదెంత అన్నది తమ్ముడికి కాగితం మీద రాసి చూపించండి. నాన్నగారి పేర పంపేదాన్ని అతని ద్వారా ఖర్చు పెట్టించండి. కరెంటు బిల్లు, మందులు, పాలు, అన్నీ అతను కట్టి లెక్క రాయాలి. ఒక్క జాగ్రత్త. ఈ లెక్కని దెప్పడానికి వాడారంటే అంతా చెడిపోతుంది. తోటివాడికి చూపించినట్టు చూపించండి.

అన్నిటికంటే పెద్దది కొబ్బరితోట. ఎకరమంటే అరవై చెట్లు పైచిలుకు ఉంటాయి. దాన్ని అతనికి అప్పగించమని నాన్నగారిని ఒప్పించండి. సాయం చేయమనడం వేరు, అప్పగించడం వేరు. సాయం చేసేవాడు చెప్పింది చేస్తాడు, తోట ఎవరిదో వాళ్ళదే. అప్పగిస్తే కాయలు కోసే దింపు కార్మికులని పిలవడం, కాయలు లెక్కపెట్టించడం, వలుపు కూలి మాట్లాడటం, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో వెయ్యి కాయల ధర కనుక్కుని ఇప్పుడే అమ్మాలా ఆగాలా తేల్చడం, అన్నీ అతనివే. నాన్నగారు అడిగితేనే సలహా ఇవ్వాలి. కొబ్బరికి ఒక మంచి గుణముంది. నెలన్నర, రెండు నెలలకోసారి దింపు ఉంటుంది కాబట్టి చేసిన పనికి జవాబు తొందరగా తెలుస్తుంది. నోటిఫికేషన్‌లాగా మూడేళ్ళు పట్టదు. ఇప్పుడు చాలా తోటల్లో సర్పిలాకార తెల్లదోమ ఉంది, ఆకుల మీద నల్లటి మసి పడుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళకి దీని మీద మంచి అనుభవం ఉంది, పురుగుని తినే మిత్ర పురుగుల్ని కూడా పెంచుతారు. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు వెళ్ళి మాట్లాడి, తన తోటలో చేసి చూసి, ఫలితం రాసుకుంటే నాలుగు తోటలవాళ్ళు వచ్చి అడుగుతారు. ఆ అడగడం రావాలి అతనికి. ఒక దింపులో ధర సరిగ్గా పలకక నష్టం వచ్చినా ఎవరూ నోరెత్తకూడదు. ఆదాయంలో అతని వాటా ముందే మాట్లాడుకోండి.

తోటతోనే జీవితమంతా గడపమని నేననడం లేదు. రోజు మళ్ళీ ఒక ఆకారంలోకి రావడానికి అది మొదటి మెట్టు. అక్కడి నుంచి అతను హైదరాబాదు వెళ్ళినా మంచిదే, ఊళ్ళో ఉన్నా మంచిదే. ఏ బ్రాంచో మీరు రాయలేదు. బీటెక్ వాళ్ళకి ఏడాదిపాటు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి, ఎన్నాళ్ళ క్రితం పాసయ్యాడన్న నిబంధన చూసుకుని దరఖాస్తు చేయొచ్చు. పోలీసు నోటిఫికేషన్ మళ్ళీ వస్తే, వయసు సరిపోతే రాయనివ్వండి. పని చేసుకుంటూ రాసేవాడికి పరీక్ష పోయినా జీవితం పోదు.

ఫోను గురించి తక్కువ చెబుతాను. అది లాక్కుంటే పని రాదు. పని వస్తే ఫోను తనంతట అదే కొంత తగ్గుతుంది. డబ్బు పందేల ఆటలు ఆడుతున్నాడేమో మాత్రం కనిపెట్టండి. 2025లో కేంద్రం చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించినా, దొంగచాటుగా నడిచేవి ఉన్నాయి, పాత అప్పులు ఉంటాయి. లోన్ యాప్‌ల అప్పు ఉందని తెలిస్తే తిట్టకుండా ముందు మొత్తం ఎంతో తెలుసుకోండి. సిగ్గుతో మంచం దిగని కుర్రాళ్ళని కూడా చూశాను.

ఇంకొకటి చాలా శ్రద్ధగా వినండి. నిద్ర పూర్తిగా తిరగబడటం, తిండి మానేయడం, ఇష్టమైన స్నేహితుల్ని కూడా తప్పించుకోవడం, "నేనుండి ఏం లాభం" అనే మాటలు, రోజూ తాగడం, ఇవి ఉంటే నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టండి. అది సోమరితనం కాదు, జబ్బు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. తర్వాత డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. సాయంత్రం వంతెన మీదకి వెళ్తున్నాడన్నారు కాబట్టి నాకు కొంత ధైర్యంగా ఉంది. మనుషుల్లోకి వెళ్తున్నాడు.

పండక్కి ఏం మాట్లాడాలని కదా అడిగారు. నీ గోల్ ఏమిటి, ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటావు అని అడగకండి. జవాబు లేదనే కదా అతను నలిగిపోతోంది. పరుగు గురించి అడగండి. ఎంత టైములో పరుగెత్తేవాడు, ఎక్కడ నుంచి ఎక్కడికి, టెస్టు రోజు ఏం జరిగింది. ఆ మూడేళ్ళలో ఇంట్లో ఎవరూ అతన్ని ఇది కూర్చోబెట్టి అడిగి ఉండరని నా అనుమానం. రిజల్టు అడిగి ఉంటారు. చెప్పనిస్తే చాలాసేపు చెబుతాడు. మధ్యలో సలహా ఇవ్వకండి.

పెద్ద పండగకి ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది. బెంగళూరు కుర్రాడు కూడా కొత్త బట్టల్లో వీధిలో తిరుగుతుంటాడు. భోజనాల దగ్గర ఎవరో ఒకరు "ఏరా, ఏం చేస్తున్నావు?" అంటారు. అప్పుడు మీ నాన్నగారు తల దించుకోకుండా, "ఈ దింపు నుంచి తోట వాడే చూస్తున్నాడు" అనగలగాలి. అందుకని నాన్నగారితో వెళ్ళకముందే ఫోన్లో మాట్లాడి ఒప్పించండి. ఆయనకీ ఇది తేలిక కాదు. కొడుకు మట్టి తొక్కకూడదని ఇన్నేళ్ళు పడ్డ మనిషి. తోట ఇవ్వడమంటే ఆయన ఆశ వదులుకోవడం కాదని మీరే నచ్చచెప్పాలి. మీ మాట వింటారు, జీతం తెచ్చే కూతురి మాటకి మన ఇళ్ళలో విలువ ఉంటుంది.

కనుమ వెళ్ళి, చుట్టాలు కదిలాక, ఒక పూట ఇద్దరూ తోటలోకి వెళ్ళి చెట్లు లెక్కపెట్టండి. ఎన్నింటికి దోమ పట్టిందో ఫోన్లో ఫొటోలు తీసుకోమనండి. అంబాజీపేట ఎప్పుడు వెళ్తాడో తేదీ అతన్నే చెప్పమనండి. బ్రాంచి ఏమిటో, కౌలు గడువు ఎప్పటికి తీరుతుందో నాకు రాయండి. దాన్నిబట్టి ఆ వైపు ఏ పని నేర్చుకుంటే మంచిదో చెబుతాను.